గొంతు దిగిన ఏడాది

గ్యాస్ బుక్ చేద్దామని ఫోన్ చేస్తే
"సొల్లుంగ సార్" అంది అవతలి పిల్ల.
సార్ని కాదమ్మా అని చెప్పబోయాను.
సార్ గొంతే వచ్చింది.

ఇరవై ఆరేళ్లు సాలిగ్రామం స్టూడియోల్లో
పద్దెనిమిదేళ్ల పిల్లలకి మాటలు పోశాను.
తెర మీద పెదాలు వాళ్లవి.
ఎక్కిళ్లు నావి, అలక నాది,
వానలో తడుస్తూ నవ్విన ఆ చిన్న నవ్వు
ఏసీ గదిలో స్వెటర్ వేసుకుని నేను నవ్వినది.
మగపిల్లలకీ నేనే చెప్పేదాన్ని.
బంటీ అని ఒకడు, వాడికి ఐదు సినిమాలు.
ఆరో సినిమాకి వాడికి పదమూడు నిండాయి,
గొంతు పగిలింది.
యూనిట్ అంతా నవ్వింది. "మగాడివయ్యావురా" అని
భుజం చరిచి స్వీట్లు పంచారు.
నాకు ఆరో సినిమా పోయింది.

నాకు యాభై రెండులో పగిలింది.
స్వీట్ల మాట దేవుడెరుగు,
దీనికో పేరు కూడా లేదు మనకి.
నెలనెలా వచ్చేది రావడం మానేసిన రెండేళ్లకి
హీరోయిన్ "వదులు నన్ను!" అని అరిచే చోట
నా గొంతు తలుపు కింద ఇరుక్కున్న చెప్పులా
గీరుకుంది.
కన్సోల్ వెనక కుర్రాడు మైక్ మార్చాడు,
మిరియాల పాలు తెప్పించాడు,
ఇంకో మైక్ మార్చాడు,
చివరికి ఎంతో మర్యాదగా
"అక్కా, అత్తగారి పాత్ర ఒకటుంది" అన్నాడు.

కీళ్‌పాక్‌లో డాక్టరమ్మ ముక్కులోంచి గొట్టం దించి
నా స్వరతంత్రుల్ని నాకే చూపించింది.
తడిగా, తెల్లగా, తాటిముంజె చీలికల్లా ఉన్నాయి.
ఇన్నేళ్లూ నేను బియ్యం కొన్నది వీటి మీదా!
"ఈస్ట్రోజన్ తగ్గిపోయింది. ఉన్న కాస్త టెస్టోస్టిరోన్‌కి
ఎదురు చెప్పేవాళ్లు లేరు.
తీగ బరువెక్కింది, నెమ్మదిగా ఊగుతోంది. అంతే" అంది.
పెత్తనం చేసిన అత్తగారు పోయాక
మామగారి మాట మొదటిసారి ఇంట్లో వినబడ్డట్టు.
అంతేనట.

వరండాలో టోకెన్ పదకొండు నాది,
పన్నెండు శశాంక్‌ది.
పుత్తూరు కుర్రాడు. లిఫ్టులు రిపేరు చేస్తాడు.
పుట్టినప్పుడు పెట్టిన పేరు వాడు చెప్పలేదు,
నేను అడగలేదు.
ఐదు నెలలుగా సూది వేయించుకుంటున్నాడు.
"మొన్న మా అమ్మకి ఫోన్ చేశా ఆంటీ. గుర్తుపట్టలేదు.
'ఎవరు బాబూ?' అంది."
అంతవరకు చెప్పి
టోకెన్ అంచుల్ని మడుస్తూ కూర్చున్నాడు.
"మరి ఏం చెప్పావు?"
"రాంగ్ నంబరన్నా. రేపు మళ్లీ చేస్తా,
ఇంకోసారి అనిపించుకోవాలని."

లోపల స్పీచ్ థెరపిస్టు "ఆ" అనమంది.
తెర మీద నా అంకె నూట డెబ్భై.
బయటికొచ్చి వాడూ చెప్పాడు, నూట డెబ్భై ఒకటట.
ఇద్దరం ఒకే మెట్టు మీద ఉన్నాం.
వాడు రెండేసి మెట్లు గెంతుతూ దిగుతున్నాడు.
నేను గోడ పట్టుకుని.
వాడు డబ్బు కట్టి ఒంట్లోకి తెచ్చుకునేది
నా ఒంట్లో ఎప్పట్నుంచో ఓ మూల కూర్చునే ఉందట,
నాకు చెప్పకుండా.

ఆటో కోసం నిలబడ్డప్పుడు అడిగాడు:
"గొంతైతే వచ్చింది గానీ మాట రావట్లేదు ఆంటీ.
మీరు డబ్బింగ్ కదా.
'అమ్మా, నేనే' అని ఎలా అనాలి?"
ముందు ఊపిరి తీసుకోమన్నాను.
పెదాలూ నీవే గొంతూ నీదే,
ఎవరి నోటికీ కలపక్కర్లేదు, తొందరపడకు అన్నాను.
బస్సు హారన్ల మధ్య ఒకసారి చెప్పి చూపించాను.

"అమ్మా. నేనే."

జీర వచ్చింది.
ఈ జీర ఏ పాత్రదో నాకింకా తెలీదు.
బాగుందన్నాడు వాడు.
వన్ మోర్, అన్నాను.